మొదటి పేజీ మడిచే మేడం

సంతాప సభలో నవ్వకూడదని నాకూ తెలుసు. అయినా మొన్న నల్గొండలో, మా కాలేజీ సెమినార్ హాల్లో, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. వేదిక మీద ఒక పెద్దాయన మైకు పట్టుకుని, పోయిన మా మేడం గురించి "కరుణామూర్తి, జ్ఞానభాండాగారం, విద్యారంగానికే మణిదీపం" అంటూ వరసపెట్టి చెప్పుకుపోతున్నారు. దండ వెయ్యొద్దని ఇంటివాళ్లు చెప్పడంతో మేడం ఫోటోను బల్ల మీద ఊరికే నిలబెట్టారు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఆమె ఆ పెద్దాయన వైపే చూస్తున్నట్టుంది. సరిగ్గా అప్పుడు నా పక్క కుర్చీలో ఉన్న జియాలజీ సార్, ఎవరికీ వినపడదనుకుని, "ఏ లైన్ల సారూ?" అన్నారు.

వినపడింది. ముందు వరసలో ఇద్దరు నవ్వుతో భుజాలు ఊపడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి వాళ్ల పక్కవాళ్లు. మైకు పెద్దాయన బయటి ఊరి నుంచి వచ్చిన అతిథి, పాపం, ఏం జరిగిందో తెలియక గొంతు ఇంకా పెంచారు. తెలిసిన మేమందరం మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక చెమటలు తుడుచుకున్నవాళ్లమే.

మేడం కెమిస్ట్రీ చెప్పేవారు. మా జిల్లా లెక్చరర్లు కొందరు కలిసి మట్టి, నీళ్ల మీద పరిశోధనలు అచ్చువేసే చిన్న పత్రిక ఒకటి నడుపుతున్నారు. చాలాకాలం దానికి ఆమే సంపాదకురాలు. ఇలాంటి పత్రికకు ఎవరైనా పేపర్ పంపితే, ఆ సంగతి తెలిసిన ఇంకో ఇద్దరు చదివి, అచ్చువేయొచ్చో లేదో చెప్పాలి. పద్ధతి మంచిదే. చదివేవాళ్లు మనుషులు కావడమే చిక్కు. పైన పెద్ద యూనివర్సిటీ పేరుంటే కళ్లకద్దుకుని చదువుతారు. ఎవరూ వినని కాలేజీ పేరుంటే తప్పులు వెతకడానికే చదువుతారు. ఇంటిపేరు చూసి కులం, ఒంటిపేరు చూసి మతం, రాసింది ఆడమనిషి అయితే వెనక ఎవరు రాసిపెట్టి ఉంటారన్న అనుమానం. పేపర్ ముట్టుకోకముందే మనవాళ్లకు చాలా అర్థమైపోతుంది.

అందుకని పేపర్ చేతికి రాగానే మేడం చేసే మొదటి పని, పేర్లున్న మొదటి పేజీని చదవకుండానే వెనక్కి మడిచి క్లిప్పు పెట్టడం. ఆఫీసు క్లిప్పు కాదు, బట్టలారేసుకునే ప్లాస్టిక్ క్లిప్పు. ఆమె టేబుల్ మీద స్టీలు గిన్నె నిండా అవే ఉండేవి, పచ్చవీ ఎర్రవీ నీలంవీ. కొత్తగా వచ్చినవాళ్లు మేడం కాలేజీలోనే బట్టలుతుక్కుంటారేమో అనుకునేవారు. బయటి ఊళ్లవాళ్లకు కంప్యూటర్లో పేర్లు తీసేసి పంపేవారు. ఎవరి పేపర్ ఏదో ఆఫీసులో క్లర్కుకు తెలుసు, అచ్చువేసేదీ లేనిదీ తేలేదాకా ఆమె అడిగేవారు కాదు. "మీరు సంపాదకురాలు గదా మేడం, మీకెందుకు దాపరికం?" అని ఎవరో అంటే, "నేనేమన్న ఆకాశం నుంచి ఊడిపడ్డనా? నాకు గూడ కండ్లున్నయి" అన్నారట.

ఇక రెండో అలవాటు ఈ ప్రశ్న. పేపర్ చదివిన పెద్దమనుషులు "స్థాయి లేదు" అని ఒక ముక్క రాసి పంపితే ఊరుకునేవారు కాదు. ఫోన్ చేసి, మర్యాదగా, "సార్, స్థాయి లేదన్నరు. ఏ లైన్ల లేదు?" అని అడిగేవారు. తిట్టినవాళ్లనే కాదు, మెచ్చుకున్నవాళ్లనూ వదిలేవారు కాదు. "అద్భుతం అన్నరు సార్. ఏ లైన్ల?" దీనికి జవాబు చెప్పడం మరీ కష్టం. అలవాటు ముదిరి స్టాఫ్ రూముకూ వచ్చింది. ఈ కాలం పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదని ఎవరైనా వాపోతే, టిఫిన్ డబ్బా మూత తీస్తూ, "ఏ పిల్లకు సార్? పేరు చెప్పుండ్రి, నేను మాట్లాడుత" అనేవారు. వాపోవడం అక్కడితో ఆగేది.

ఇంగ్లీషు సరిగా లేదని ఎవరైనా ఒక పేపర్‌ను పక్కన పెడితే ఆమెకు నిజంగా కోపం వచ్చేది. "ఇంగ్లీషు నేను దిద్దుకుంట. నువ్వు నీళ్లు చూడు" అనేవారు. పనిచేయని ప్రయోగాలంటే మాత్రం ఆమెకు ప్రాణం. ఒకాయన మట్టికుండతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించాలని చూశాడు. తగ్గలేదు. తగ్గలేదనే రాశాడు. ఎక్కడికి పంపినా, ఇందులో సాధించిందేముంది అని తిప్పి పంపారు. మేడం దాన్ని సంతోషంగా అచ్చువేశారు. "తగ్గలే అన్నది గూడ వార్తే. గిది ఎయ్యకపోతే ఇంకో పదిమంది గదే కుండ కొని, గదే తిప్పల పడ్తరు" అన్నారు.

నేను ఆమె దగ్గరికి వెళ్లింది తెలంగాణ వచ్చిన తర్వాత కొన్నేళ్లకు. అప్పుడు నల్గొండలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. మాది మర్రిగూడ పక్కన చిన్న ఊరు. మా అమ్మ ఆదివారం చర్చికి, మిగతా రోజులు చేన్లకు పోయే మనిషి. పత్తి ఏరడం, కంది కొయ్యడం, కలుపు తియ్యడం. మా అవ్వ కాళ్లు వంకర తిరిగి, నడుం వంగి, చివరి రోజుల్లో నేలనే చూస్తూ నడిచింది. మా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే.

తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది. నల్లా నీళ్లు పరీక్ష చేసి, ఇక ఫ్లోరైడ్ బాధ తీరిందని రాసేవాళ్లు రాశారు. ఇంట్లో నిజంగానే తీరింది. కానీ మా అమ్మ పొద్దంతా ఉండేది ఇంట్లో కాదు. చేన్లో దాహమైతే బోరు మోటరు దగ్గరే దోసిలి పడుతుంది. ఎండ ముదిరితే ఇంటి నుంచి తీసుకుపోయిన సీసా ఏపాటికి వస్తుంది? నేను ఆ చేన్లలోని బోరు నీళ్లు పట్టుకొచ్చి పరీక్ష చేశాను. ఇంట్లో నల్లాను మాత్రమే చూసి లెక్క తేల్చొద్దు, కూలికి పోయేవాళ్లు తాగేది చేనుబోరు నీళ్లు, వాటిలో ఫ్లోరైడ్ అలాగే ఉంది అన్నది నా పేపర్.

అది అచ్చయితేనే నా పీహెచ్‌డీ ముందుకు కదులుతుంది. గడువు ఆ ఏడాదితో అయిపోతోంది. అప్పటికి రెండు పత్రికలు తిప్పి పంపాయి. ఒకటి, ఇది ఒక ప్రాంతానికి సంబంధించిన ముచ్చట మాత్రమే అంది. లోకంలో ఏది జరిగినా ఏదో ఒక ఊళ్లోనే కదా జరిగేది అని నాకు ఒళ్లు మండింది. రెండోది కారణం కూడా చెప్పలేదు. చివరికి పేపర్ పట్టుకుని మేడం గది ముందు నిలబడ్డాను.

"నమస్తే మేడం. నేను మర్రిగూడ దగ్గర..."

"చెప్పకు, చెప్పకు!" రెండు చేతులతో చెవులు మూసుకున్నారామె. "పేపర్ తెచ్చినవా? పోయి ఆఫీసుల ఇచ్చి రా. నువ్వెవరో నాకెర్కలేదు. చాయ్ తాగుతవా?"

ఎవరో ఎరుక లేని మనిషికి ఆ రోజు చాయ్‌తో పాటు బిస్కెట్లు కూడా పెట్టారు. పేపర్ మాట తప్ప ఎండల గురించి, బస్సుల గురించి అన్నీ మాట్లాడారు. నేను వచ్చేటప్పుడు మాత్రం, "మర్రిగూడ అన్నవు. ఇగ నేనేం జెయ్యాలె" అని తలపట్టుకున్నారు. ఆమె ఫికర్ ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

కొన్ని వారాలకు అర్థమైంది. పేపర్ చదివిన ఒకాయన అభిప్రాయం నాకు పంపారు. "ఏ ఊరి బోరో, కింద ఏ రాయి ఉందో చెప్పకుండా ఈ కొలతలకు అర్థం లేదు. తీసుకోవద్దు." నాకు మతిపోయింది. ఊళ్ల పేర్లన్నీ వరసగా రాశాను కదా! దానితో పాటు వచ్చిన పేపర్ తిప్పి చూస్తే, ఊరి పేరు ఉండాల్సిన ప్రతి చోటా 'గ్రామం అ', 'గ్రామం ఆ' అని ఉంది. నా పేరే కాదు, మా ఊరిని కూడా మేడం తీసేశారు.

మరునాడు పోయినప్పుడు నమస్తే కూడా పెట్టలేదు.

"మేడం, నా పేరు తీసెయ్యుండ్రి, నేను వద్దనను. మా ఊరి పేరెందుకు తీసిండ్రు?"

"ఊరుంటే నువ్వు దొరుకుతవు బేటా. ఆ చేన్లల్ల తిరిగి బోర్లు పట్టేది నువ్వొక్కదానివే. జిల్లా మొత్తానికి ఎర్క. ఇగ పేజీ మడిచి ఏం లాభం?"

"నేను దొరికితే దొరుకుత. ఊరు లేకుంటే మా అమ్మ తాగే నీళ్లు దొరకయి గద మేడం."

గొంతు పెద్దదైందని నాకే తెలిసింది. మేడం గిన్నెలోంచి ఒక క్లిప్పు తీసి, వేలికి పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నారు. ఏదైనా తేలనప్పుడు ఆమె చేసే పని అదే. వేలి కొస ఎర్రబడేదాకా అలాగే కూర్చుని, చివరికి, "నేను దాచాల్సింది నిన్ను. నీ ఊరిని గాదు. తప్పు నాదే" అన్నారు.

ఊళ్ల పేర్లు మళ్లీ పెట్టి, పేపర్‌ను ఆ చదివినవాళ్లకే పంపారు. పైన ఒక మాట రాశారు. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇంతే: "ఊళ్ల పేర్లు తీసేసిన తప్పు సంపాదకురాలిది, రాసినవారిది కాదు. దయచేసి మళ్లీ మొదటి నుంచి చదవండి."

ఈసారి వచ్చిన జవాబు మర్యాదగా ఉంది కానీ, నా నెత్తిన బండ పడింది. కొలతలు బాగున్నాయి, చెప్పిన విషయం అవసరమైనది, అయితే నీళ్లన్నీ పత్తి ఏరే చలికాలంలో పట్టినవే, ఎండాకాలం నీళ్లు కూడా చూసి రాయాలి అన్నారు. అడిగింది న్యాయమే. కానీ ఎండాకాలం దాకా ఆగితే నా గడువు దాటుతుంది.

మళ్లీ మేడం దగ్గరికే పోయాను. పేపర్ తీసుకుంటున్నామని ఇప్పుడే ఒక కాగితం ఇవ్వమని, ఎండాకాలం నీళ్లు తర్వాత చేర్చుతానని బతిమాలాను. మాటల మధ్యలో ఏడుపు కూడా వచ్చింది. ఆమె నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపారు.

"మా అబ్బా పాలమూరుల తక్కెళ్లు బాగుచేసేటోడు" అన్నారు, వాళ్ల నాన్నను తలచుకుని. "దుకాణంకు తక్కెడ వస్తే ముందుగాల అండ్ల ఏం ఎయ్యకపోయేది. ఖాళీది లేపి చూసేటోడు. ఒక పళ్లెం ఒంగితే, రెండో దిక్కు చిన్న ముక్క కట్టి సమం చేసేటోడు. గా ముక్కనే పాసంగం అంటరు. సమం అయ్యేదాకనే అది పాసంగం. ఇంక జర ఎక్కువ కడితే దొంగతూకం."

నేను ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాను.

"నీ పేరు చూసి నిన్ను కిందికి ఒంచొద్దని పేజీ మడిచిన. ఇప్పుడు నీ మొఖం చూసి పైకి లేపుమంటున్నవు. రెండూ ఒకటే గద బేటా?"

ఆ రోజు ఆమె మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మర్రిగూడ బస్సులో కిటికీ వైపు తిరిగి దారిపొడుగునా తిట్టుకున్నాను. తక్కెడలూ పాసంగాలూ ఈమె దగ్గరే పెట్టుకోనీ అనుకున్నాను. ఇల్లు చేరేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. సంగతంతా చెప్పాను. అమ్మ ఎవరినీ తిట్టలేదు.

"ఎండకాలం నీళ్లు గావాల్నంటే గంత ఏడుపెందుకు? ఎండకాలం మేం ఉపాధి పనికి పోతం. గాడ తాగేది గూడ గా బోర్ల నీళ్లే. అప్పుడైతే ఇంక ఎక్కువ తాగుతం. నువ్వు సీసాలు తెచ్చుకో, నేను జూపిస్త."

నేను ఉలిక్కిపడ్డాను. పత్తి సంగతి రాశాను కానీ, కాల్వలు తవ్వే ఉపాధి పని సంగతి నా పేపర్లో లేనే లేదు. ఎండలు ముదిరాక అమ్మ వెంట తిరిగాను. మట్టి తట్టలు దించి ఆడవాళ్లు బోరు దగ్గరికి వచ్చే వేళకు నేనూ సీసాతో నిలబడేదాన్ని. "మా నీళ్లకు గూడ సద్దిగడుతున్నవా పిల్లా?" అని నవ్వేవాళ్లు. మా గైడు యూనివర్సిటీ చుట్టూ తిరిగి, గొణుక్కుంటూనే, గడువు కొంచెం పెంచించారు. పేపర్ తిరగరాశాను. మొదటిదాని కంటే ఇదే గట్టి పేపర్. ఈ మాట మేడంకు చెప్పాలని మనసులో ఉన్నా, నా కోపం తగ్గడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

పేపర్ అచ్చయ్యింది. ఊరి పేరు పైన పెద్దక్షరాల్లో ఉంది. కింద, చిన్నక్షరాల్లో, మేడం రాసిన ఆ మాట కూడా ఉంది. ఇది అచ్చులో ఎందుకని అందరూ అడిగారట. "తప్పు చేసినప్పుడు సంపాదకుల పేరు గూడ మడవాల్నా?" అన్నారట ఆమె. తర్వాత మా మండలంలో పని జరిగే చోటికి నల్లా నీళ్ల డ్రమ్ములు తెప్పించే మాట వచ్చినప్పుడు, మా సర్పంచ్ చేతిలో ఉన్నది ఆ పేపరే. డ్రమ్ములు అన్ని చోట్లకూ చేరలేదు. కానీ చేరిన చోట మా అమ్మ ఉంది, ఆ నీళ్లు తాగింది. నాకది చాలు.

సభలో ఇవన్నీ తలచుకుంటూ కూర్చుంటే, జియాలజీ సార్ మళ్లీ నా వైపు వంగారు. మేళ్లచెరువు సున్నపురాయి గుట్టలన్నీ కాలినడకన తిరిగిన మనిషి, మాట కూడా రాయిలాగే ఉంటుంది.

"నీ పేపర్ చదివింది నేనే. ఎర్కనా?"

నేను తెల్లబోయాను. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ఊర్ల పేర్లు మళ్ల పెట్టి పంపినంక, ఎవరిదో నాకు సమజైంది. చిన్న కాలేజీ పని, కొలతలు నమ్మబుద్ధి గావు అని రాసి పంపిన. ఫోన్ వచ్చింది. 'ఏ లైన్ల సార్?' అన్నది. మొత్తం పేపర్ మళ్ల చదివిన. ఆ లైన్ నాకు దొరకలే. అప్పుడు సిగ్గయింది. ఎట్లాగూ చదువుతున్న గద అని సక్కగ చదివితే, ఎండకాలం లేదన్నది కనబడ్డది. గదే రాసిన."

ఆయన మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఒక రకమైన సంతోషం కలిగింది. నన్ను చూసి ఒకమాట రాసిన మనిషే, నన్ను మరచి నా నీళ్లను చూశాడు. ఒక్క ఫోన్‌తో. మనుషులు మారరని విసుక్కునేటప్పుడల్లా ఇక నాకు ఈ సార్ గుర్తొస్తారు. ఇప్పుడు మా పత్రికలో పేపర్ చదివేవాళ్లందరూ ఏ మాట రాసినా పక్కన లైన్ నంబరు వేయాలి. కొత్త లెక్చరర్లు దాన్ని నియమం అనుకుంటున్నారు. అది ఒక మనిషి గొంతని మాకు తెలుసు.

అంతలో వేదిక మీద నా పేరు పిలిచారు. ఏం మాట్లాడాలో అనుకోలేదు. మైకు ముందు నిలబడితే ఎదురుగా మేడం ఫోటో. నోట్లోంచి వచ్చింది అందరూ అనే మాటే.

"మా మేడం చాలా గొప్ప మనిషి."

హాలంతా ఒక్కసారి, వెనక బెంచీల కొత్త పిల్లలతో సహా, "ఏ లైన్ల?" అంది.

నవ్వులు ఆగేదాకా ఆగాను. ఇన్నాళ్లకు ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది.

"నా పేపర్ మొదటి పేజీ, అడుగున, చిన్నక్షరాల లైన్ల" అన్నాను. "తప్పు సంపాదకురాలిది, రాసినవారిది కాదు."

జియాలజీ సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఉన్నది" అన్నారు. "నేను చూసిన."